చివరి పంక్తి

వాల్దివియాలో వాన ఆగదు,
ఆగినట్టు నటిస్తుంది.
ఆ ఆదివారమూ అంతే.
గొడుగు దులిపి మూడో అంతస్తు మెట్లు
రెండేసి చొప్పున ఎక్కాను.
అప్పటికే పక్కవీధి బేకరీలో
పన్నెండు ఎంపనాడాలు చెప్పి ఉంచాను,
గెలిచాక అందరికీ పంచడానికి.
పుట్టని పిల్లాడికి ఉయ్యాల బేరమాడినట్టు.

పదిహేను మంది ఆటగాళ్లం, ఎనిమిది మడత బల్లలు,
ఒక కిరోసిన్ హీటరు,
దాని మీద ఎవరివో తడి మేజోళ్లు.
బహుమతి: పెట్టెడు విప్పని కార్డులు,
బంగారు రంగు రాలుతున్న ప్లాస్టిక్ కప్పు.
ఇంట్లో టీవీ పక్కన దాని చోటు
గుడ్డతో తుడిచి మరీ వచ్చాను.

నా డ్రాగన్ గురించి చెప్పాలి.
మూడు నెలల ఓవర్‌టైము అది.
కలప మిల్లులో రంపం పక్కన నిలబడి
సాయంత్రానికి వేళ్లు లెక్కపెట్టుకుంటూ
సంపాదించిన మెరుపు కాగితం.
దాన్ని బల్ల మీద దించేటప్పుడు చిటికె వేస్తాను.
అలవాటు.
అలవాటనే చెప్పేవాణ్ణి, అడిగినవాళ్లకి.

మొదటి రౌండులో ఎదురుగా ఇస్మేనియా.
నది ఒడ్డు సంతలో చేపలు కోసే మనిషి,
మెట్ల దాకా వచ్చే నీటి సింహాల్ని
పేరుపేరునా తిట్టే మనిషి.
నీచు పోవడానికి నిమ్మచెక్క రుద్దుకున్న చేతులు,
ఆమె కలుపుతుంటే కార్డుల్లోంచీ అదే వాసన.
కట్టలో ఏమున్నాయని?
మేం వంద పెసోల డబ్బాలోకి విసిరేసే
కప్పలు, నత్తలు, కుంటి సైనికులు.
ఒక బురదకప్పకి మూల మడత పడి ఉంది.
ఆ మడత నాకు తెలుసు.
అది నేను పారేసిన కప్పే.

పాపం, అనుకున్నాను.
నిజంగా అనుకున్నాను, దాచడమెందుకు.

ఐదో వంతు. నాకు మూడు ప్రాణాలు, ఆమెకి ఐదు.
డ్రాగన్ దించాను. చిటికె.
ఆమె కళ్లద్దాలు పైకి నెట్టుకుని
"ఆ కింది పంక్తి కాస్త చదివి పెట్టు బాబూ,
నాకు చూపు ఆనదు" అంది.
చదివాను, పక్క బల్లలకీ వినపడేంత గట్టిగా:
ఈ నిప్పు ప్రతి ఆటగాడికీ ఐదు ప్రాణాలు తీస్తుంది.

ప్రతి.
నెల రోజులుగా నా కళ్లు అక్కడ
ప్రత్యర్థి అని చదువుకున్నాయి.

ఆమె నవ్వలేదు. అదే ఇబ్బంది.
బురదకప్పని మెల్లగా ముందుకు జరిపింది:
ఈ ఒక్క వంతూ ఆమెని నిప్పు అంటదు.
నా డ్రాగన్ నిప్పులో
నేనొక్కణ్ణే కాలాను.

రెండో రౌండు కంగారులో పోయింది.
మూడోది కోపంలో.
నాలుగో రౌండుకి దుకాణం యజమాని అబ్దోన్
జతలు చదువుతూ నా దగ్గర ఆగాడు.
"బేసి మనిషివి మిగిలావు. అట్టడుగువాడికి ఆట ఉండదు.
గెలిచినట్టు రాసేస్తున్నా."
ఎనిమిదో బల్ల. ఎదురుగా కుర్చీ,
దాని వీపు మీద ఎవరిదో రెయిన్‌కోటు, నీళ్లు కారుస్తూ.
ఆ రోజు నేను ఓడించింది దాన్నొక్కదాన్నే.
వేళ్లు చిటికెకి లేచాయి.
మడిచి జేబులో పెట్టుకున్నాను.

అప్పుడే బేకరీ కుర్రాడు తడిసిన సంచితో వచ్చి
"గెలిచినాయన ఎవరండీ?" అన్నాడు.
ఎవరూ మాట్లాడలేదు. హీటరు ఒకసారి దగ్గింది.
ఇస్మేనియా లేచి సంచి అందుకుంది,
తన సంచిలోంచి కత్తి తీసి
పన్నెండింటినీ పదిహేను మందికి సరిపెట్టింది,
ఎలాగో నాకిప్పటికీ లెక్క తేలదు.
నా వంతులో ఆలివ్ కాయ కూడా వచ్చింది.

బస్సులో డ్రాగన్ని తీసి మళ్లీ చదివాను.
అక్షరాలు అంత చిన్నవేం కావు.
మేనల్లుడు ఫెర్మిన్, తొమ్మిదేళ్లవాడు,
దీంతో వాణ్ణి ఏడు సార్లు కాల్చాను.
నేను చదివిందే నమ్మాడు వాడు.
ఏడు ఆటలు బాకీ. పడుకునేలోపు చెప్పాలి.
ఓడిన ప్రతిసారీ కార్డులు సర్దుతూ
"బాగా ఆడావు మామయ్యా" అనేవాడు.

ఆ మాట నేను ఇవాళ
ఎవరితోనూ అనలేదు.

చేపల సంత పొద్దున ఆరింటికి తెరుస్తారు.