నూరు చుక్కల సీసా

మా టర్కీలు ముప్పయ్యేడు.
మందు సీసాలో చుక్కలు నూరు.
ఇంతకంటే చిన్నది రాదమ్మా, అన్నాడు
గుంటూరు మందుల కొట్టు కుర్రాడు.
కలిపాక రెండు గంటలే,
ఆ తర్వాత కాలవ నీళ్లూ ఇదీ ఒకటే.

సోడా కొట్టు ఐసు ఫ్లాస్కులో నింపి
వట్టిచెరుకూరు బస్సులో ఒళ్లో పెట్టుకున్నా.
"ఆసుపత్రికా, కాఫీయా?" అంది పక్కావిడ.
మిగిలిపోయే అరవై మూడు చుక్కల సంగతి
ఆమెకేం చెప్పను?

మిర్చి యార్డులో తొడిమలు తీసిన చేతులివి.
దగ్గు రాత్రిళ్లక్కూడా కూలికొస్తుంటే మానేసి
డ్వాక్రా అప్పుతో పన్నెండు పిల్లల్ని తెచ్చా.
తినడం తెలీదు వాటికి!
నూకల మీద నిలబడి ఆకలికి ఏడ్చేవి.
నాటుకోడి పిల్లనొకదాన్ని మధ్యలో వదిలితే
అది పొడిచింది, ఇవి చూశాయి, పొడిచాయి.
వారం తిరక్కుండా గురువును గెంటేశాం.
కోళ్లతో కలిస్తే వీటికి నల్లతల రోగమట.

రోహిణికి తొమ్మిది పోయాయి.
తడి గోనెలు కట్టినా, రాత్రంతా విసిరినా.
మిగిలిన మూడింటితో మళ్లీ మొదలెట్టా,
గుడ్డు గుడ్డుకీ ఇరవయ్యెనిమిది రోజులు.

విజయవాడ హోటలాయన ఫోను:
ఆదివారం ఆదివారం పది కావాలి, అన్నీ ఒకే తూకం.
నావి ఒకటి ఐదు కిలోలు, ఒకటి ఏడు,
ఒకటి ఉత్త పొగరు.
ఊళ్లోవాళ్లు కంచె బయట నిలబడి
"నెమలి కాదు కదా, కేసవుద్దేమో" అంటారు.
డిసెంబరులో అందరూ వాటిని అడుగుతారు.
మిగతా పదకొండు నెలలూ
అవే నన్ను అడుగుతాయి.

అందుకే ఇవాళ పొద్దు గుంకగానే వీధిలో కేకేశా:
"కొక్కెర తెగులు మందు! ఉత్తినే! గూట్లో కోళ్లన్నీ తెండి!"
ముందు నావి అయిపోయాయి, కంచె లోపల.
తర్వాత చేతులు కడుక్కుని, చెప్పులు మార్చి, బడి అరుగు మీద.
దస్తగిరమ్మ గంపెడు తెచ్చింది.
యేసుపాదం పందెం పుంజును చంకన పెట్టుకొచ్చి
"కన్ను జాగ్రత్త, బేబీరాణీ, దాని కన్నే నా ఆస్తి" అన్నాడు.
ఒక కన్ను, ఒక చుక్క. ఒక కన్ను, ఒక చుక్క.
రెక్కల దుమ్ములో టార్చి వెలుగు.
నా పక్షుల గోలకు పంచాయతీలో అర్జీ పెట్టిన సుభానీ
చివర్న వచ్చాడు, రెండు పెట్టలతో,
నా మొహం చూడకుండా.
ఆయన బండి ఆపగానే కంచె లోపలి మగది
గుళగుళమని బదులిచ్చింది.
ఆయన నవ్వాపుకోవడం టార్చి వెలుగులో కనపడింది.

తొంభై ఎనిమిది.

వాచీ చూశా. ఇంకా పదకొండు నిమిషాలు.
వీధి చివర ఎవరో
"ఉండండి, ఉండండి, దొరికింది!" అంటూ
చీకట్లో కోడి వెంట పరిగెడుతున్నారు.
సీసా అరచేతిలో చల్లగా పట్టుకుని
నిలబడ్డాను.