అతుకు

మార్చి నెలాఖరుకి హంస మొక్క ఖాళీ.
ఆకు లేదు, మొగ్గ లేదు.
గీరేసిన పుల్లల మీద
పదకొండు గొంగళిపురుగులు
ఒకదాన్నొకటి తోసుకుంటూ.

పక్కింటి మెరెయానా, తొమ్మిదేళ్ళది,
తిమారు వీధులన్నీ సైకిల్ మీద గాలించి
రెండు కొమ్మలు తెచ్చింది:
ఒకటి అడిగి, ఒకటి అడక్కుండా.
రెండోదాని సంగతి నేనూ అడగలేదు.
మూడు పూటల్లో అవీ అయిపోయాయి.

"గుమ్మడికాయ పెట్టొచ్చట, ఎఫీ."
సూప్ కోసం దాచిన ముక్కని
వెలుగు కనపడేంత పల్చగా కోశాను.
పెద్దవి తిన్నాయి.
చిన్నవి అంచుదాకా వచ్చి మొహం తిప్పుకున్నాయి,
తెల్లారేసరికి లేవు.
తిన్నవాటి పెంట కూడా గుమ్మడి రంగే!
మెరెయానా నవ్వి నవ్వి
వంటింటి గట్టు మీంచి జారింది.

కందిరీగలు వాటి వాటా పట్టుకెళ్ళగా
ఐదు మిగిలాయి.
తలకిందులుగా వేలాడి, తోలు విప్పేసి
ఆకుపచ్చ గుళికలయ్యాయి.
మెడ చుట్టూ బంగారు చుక్కలు.
ఊలు మిల్లులో ముప్ఫై ఒక్క ఏళ్ళు
మగ్గం చేసిన తప్పుల్ని సూదితో దిద్దినదాన్ని,
ఆ వరస ఎవరు కుట్టారో గాని
ముడి ఎక్కడా కనపడదు.
వెనక్కి తిప్పి చూశాను కూడా.

నాలుగు సుఖంగా ఎగిరిపోయాయి.
ఐదోది
పట్టు తప్పి కిటికీ గట్టు మీద పడింది.
తడి రెక్క కొస మడతపడి
అలాగే ఆరి, విరిగింది.
"ఫ్రీజర్‌లో పెట్టేస్తావా?" అంది పిల్ల, నా వైపు చూడకుండా.
నేను ఫ్రీజర్ వైపు చూసిన మాట నిజం.

చూసి, టీ డబ్బా దించాను.
అందులో పాత ఏళ్ళ రెక్కలు,
పారెయ్యబుద్ధి కానివి.
తువ్వాలు పరిచి, ఇనప తీగ వంచి
దాన్ని మెల్లగా అదిమిపెట్టి
విరిగిన మేర కత్తిరించాను.
"నొప్పెడుతుందా?"
"గోరు కత్తిరిస్తే నీకెడుతుందా?"
తన గోళ్ళు చూసుకుంది. అన్నీ కొరికినవే.

అగ్గిపుల్ల కొనతో జిగురు.
ఊపిరి బిగబట్టి అతుకు.
పైన చిటికెడు పౌడరు.

మిల్లులో అతుకు కంటికి ఆనితే
ఆ గజానికి కూలి కోసేవాళ్ళు.
ఇది ఆనింది.
పాత రెక్క వెలిసి టీ రంగుకొచ్చింది,
నల్ల ఈనె నల్ల ఈనెని కలవలేదు,
నూలువాసి తేడా.
"తప్పొచ్చింది," అన్నాను.
"మంచిదేగా," అంది మెరెయానా,
"గుర్తుపట్టొచ్చు."

మధ్యాహ్నం ఎండలో
బట్టల తీగ మీద క్లిప్పు పట్టుకుని
గంటసేపు కూర్చుంది, ఎవరికో ఉత్తరం రాస్తున్నట్టు
రెక్కలు తెరుస్తూ, మూస్తూ.
తర్వాత లేచింది.
చక్రం వంగిన సైకిల్‌లా
కాస్త కుడికి ఒరుగుతూ
కంచె దాటింది. మేం చప్పట్లు కొట్టలేదు.
అది పడుతుందేమోనని భయం.

జూన్‌లో పార్కు పైన్ చెట్లకి
గుత్తులు గుత్తులుగా చేరతాయవి, చలి కాచుకోడానికి.
బడి వదలగానే వాళ్ళ మామయ్య దూరదర్శిని మెళ్ళో వేసుకుని
పిల్ల అటే పోతుంది.
చీకటి పడ్డాక నా గుమ్మంలో లెక్క చెప్తుంది:
"ఇవాళ రెండొందల పన్నెండు. మనది లేదు."
ఒకరోజు లెక్క చెప్పలేదు.
బూట్లు విప్పి, మైలో తాగి,
"మూసుకుంటే అన్నీ ఎండుటాకులే, ఎఫీ.
ఎండొస్తే గాని తెరవవు," అంది.

వెళ్తూ వెళ్తూ డబ్బా అడిగింది.
ఆ రోజు కత్తిరించిన కొస
నేను దాస్తానని తనకి తెలుసు.
అగ్గిపెట్టెలో పెట్టుకుంది,
పోల్చి చూడ్డానికట.

వారంగా వాన.
అగ్గిపెట్టె ఇంకా తన జేబులోనే ఉంది.