మూఢంలో

పదకొండు నెలలుగా నొక్కుతున్నాను
‘తర్వాత గుర్తుచేయి’ అనే మీటని.
గుర్తుచేస్తూనే ఉంది.
అప్పులవాడికైనా ఒక ఆదివారం ఉంటుంది,
దీనికి లేదు.

పాలకొల్లు బస్టాండు వెనక
కొబ్బరికాయల కమిషన్ కొట్టుకీ పళ్ల డాక్టరుకీ మధ్య
ఎనిమిదడుగుల గది.
‘శ్రీ వీరమణి డీటీపీ వర్క్స్’.
వీరమణి నేనే. శ్రీ మాత్రం బోర్డు రాసినతను పెట్టాడు.

పొద్దున్నే సిస్టమ్ ఆన్ చేసి
టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చేసరికి
మెల్లగా లేస్తుంది తెర మీద
ఒక పచ్చటి గుట్ట, పైన నీలం.
మాది బల్లపరుపు నేల.
పద్దెనిమిదేళ్లుగా రోజూ నేను చూసిన గుట్ట
అదొక్కటే.

నరసాపురం నుంచి బండి మీద వచ్చాడు ఇమ్మానుయేలు.
మూత విప్పి దుమ్ము ఊదాడు.
“ఇది బతికుండడమే గొప్పక్కా. కొత్త ఓఎస్ ఎక్కించేద్దామా?”
“ఎక్కిస్తే నా ఫాంట్లు?”
“రావండి.”
“కీబోర్డు?”
“మారిపోద్దండి.”
“పాత ఫైళ్లు?”
“తెరుచుకుంటాయండి. చదవలేం. ఆయ్.”

ఆ ‘ఆయ్’ దగ్గర ఆగిపోయాను.

‘క్ష్మి’ కావాలంటే
ఎడంచేత్తో ఒక మీట తొక్కిపట్టి
కుడిచేత్తో నాలుగంకెలు కొట్టాలి.
ఎంతమంది లక్ష్ముల్ని అలా పుట్టించానో!
మా ఆయన ఫోన్ నంబరైనా తడబడతానేమో గానీ
ఆ అంకెలు తడబడను.
కొత్తదాంట్లో ఇంగ్లీషులో కొడితే తెలుగు వస్తుందట.
పక్కవాళ్ల వాకిట్లోంచి
మా ఇంట్లోకి రమ్మన్నట్టుంది.

అతని లాప్‌టాప్‌లో ఒకటి తెరిచి చూపించాడు.
రెండువేల పదకొండు, మే నెల, కొండేటివారి పెళ్లి.
‘ఆహ్వానం’ ఉండాల్సిన చోట
కొమ్ములూ తోకలూ మొలిచిన ఇంగ్లీషు అక్షరాలు.
పెళ్లికొడుకు స్థానంలో రెండు డాలర్లూ ఒక ప్రశ్నగుర్తూ.
నవ్వొచ్చింది.
నవ్వాక భయమేసింది.

అలాగని పాతదాన్నీ నమ్మలేను.
కిందటి నెల ఎవరిదో పెన్‌డ్రైవ్ పెడితే
ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయిపోయాయి.
బ్యాంకు పేజీ తెరుచుకోదు.
జీఎస్టీ కట్టాలంటే
పళ్ల డాక్టరుగారి కంప్యూటర్ దగ్గర
పళ్లు బాగున్నా నిలబడాలి.

చేస్తే ఇప్పుడే చెయ్యాలి. మూఢం నడుస్తోంది.
ముహూర్తాలు లేవు, శుభలేఖలు లేవు.
చావులకి మూఢం పట్టదు గనక
దినం కార్డులొక్కటే వస్తున్నాయి.
మంచిరోజుల్లో నాకు తీరిక ఉండదు,
తీరికున్న రోజు మంచిది కాదు.

కాలువ కూడా కట్టేశారు.
లాకుల దగ్గర అడుగు బయటపడింది:
సీసాలు, ఒంటి చెప్పు, సైకిలు చక్రం.
ఇన్నాళ్లూ వీటి మీదుగానా నీళ్లు పారింది!

ఆ రాత్రి డి డ్రైవులోకి దిగాను.
‘పెళ్లి కొత్త’. ‘పెళ్లి కొత్త ఫైనల్’. ‘ఫైనల్ కాదు’. ‘ఇదే ఫైనల్’.
ఒక కార్డు రెండుసార్లుంది.
అమ్మాయి అదే, హాలు అదే, తేదీ కూడా అదే.
వరుడి పేరు మారింది.
మొదటిది చెరిపెయ్యమన్నారు, ఆవేళ గుమ్మంలో నిలబడి, గొంతు తగ్గించి.
చెరిపేశానన్నాను.
ఆ పిల్లకిప్పుడు ఇద్దరు పిల్లలు.
ఆ మొదటి పేరు అచ్చులో ఉన్నది
ఇక నా దగ్గరే.

పొద్దున్నే ఫోన్ చేశాను.
“సెకండ్‌హ్యాండుది ఒకటి పట్రా, కొత్తది అందులో ఎక్కించు.
దీనికి నెట్ తీగ పీకెయ్, చాలు.”
“రెండెందుకక్కా, దండగ?”
ఏం చెప్పను?
బల్ల చాలక, కొబ్బరి కొట్టువాళ్లని
ఒక చెక్కపెట్టె అడిగి తెచ్చుకున్నాను.

కొత్తది వెలిగింది. గుట్ట లేదు.
నా పేరే కొట్టాను మొదట.
‘విరమని’ అంది.
విరమించమనా, తల్లీ?
ఇంకో అక్షరం కలిపితే దీర్ఘం వచ్చింది. ‘వీరమని’.
‘ణ’ ఎక్కడుందో ఇమ్మానుయేలుకీ తెలీదు.
అతను ఫోన్‌లో ఎవరినో అడుగుతుంటే
పక్కన, పెట్టె మీద, పాత కీబోర్డు వైపు
చూడకుండానే వెళ్లింది నా వేలు.