మూడో తుమ్ము

కొత్తపేటలో డబ్బింగ్ సినిమా, సెకండ్ షో.
బందోబస్తు మేమిద్దరం.
హెడ్డు మస్తాన్ వలీ గారు, హోంగార్డుని నేను.
ఆయనకి కుర్చీ, నాకు గోడ,
మధ్యలో ఒక పొట్లం మిరపకాయ బజ్జీలు.

తెర మీదా పోలీసులిద్దరే.
ఒకడు చొక్కా గుండీ ఊడితే సెలవు పెట్టే రకం,
ఇంకొకడికి అసలు చొక్కాయే లేదు.
ఇంటర్వెల్ దాకా కొట్టుకున్నారు,
తర్వాత ఒకే సిగరెట్టు పంచుకున్నారు.
నోరు మూశాక మాట వినబడుతుంది,
కాలు తగలకముందే మనిషి ఎగురుతాడు.
విలన్ మనుషులు నలభై మంది
రేషన్ షాపు ముందు నిలబడ్డట్టు
ఒకరి తర్వాత ఒకరొచ్చి తన్నించుకుంటున్నారు.
"మనూళ్లో ఇంత బుద్ధిగా క్యూ కట్టడం ఎప్పుడన్నా చూశావంట్రా?"
బజ్జీ ఊదుకుంటూ అన్నారు వలీ గారు.

ఆఖరి ఫైటు.
పెద్ద గోడౌను, ఖాళీ డ్రమ్ములు,
కప్పు ఉన్నా ఎందుకో వాన.
అప్పుడే నేల టికెట్టులోంచి కేక:
"నా పర్సు!"

పరిగెత్తాం.
వెనక తలుపు, సైకిల్ స్టాండు, మురిక్కాలవ, పట్నం బజారు సందులు.
సినిమాలో అయితే ఈపాటికి రెండు పళ్లబండ్లు తిరగబడాలి.
బండ్లన్నీ గొలుసులేసుకుని నిద్రపోతున్నాయి.
ఒక కుక్క మాత్రం కొంతదూరం మాతో డ్యూటీ చేసి
తన హద్దు రాగానే ఆగిపోయింది.

కోటిగాడు మిర్చి గోడౌన్లో దూరాడు.
లోపల చీకటి, పైకప్పు దాకా టిక్కీలు.
నేను లాఠీ ఎత్తి
తెర మీదవాడిలా ఒక కాలు పైకి లేపాను.
ఎందుకు లేపానో ఇప్పటికీ తెలీదు.
దించేలోపు తుమ్మాను.
వలీ గారూ తుమ్మారు.
ఒంటి తుమ్ము అపశకునం, రెండైతే శుభం అంటుంది మా అమ్మ.
మూడోది టిక్కీల వెనక నుంచి వచ్చింది.

అంతే ఫైటు.
ముగ్గురం ముక్కులు చీదుకుంటూ రోడ్డు మీద కూలబడ్డాం.
ఎవరు ఎవర్ని పట్టుకున్నారో చూసేవాళ్లకి తెలియదు.
వలీ గారి మోకాలు మడత పడనంది.
ఓ పక్క నేను, ఓ పక్క కోటిగాడు
భుజాలిచ్చి స్టేషన్ దాకా నడిపించాం.
పర్సులో పదకొండు రూపాయలు, గడువు తీరిన బస్ పాసు.

నేను రాసుకుంటున్నాను.
మోకాలికి బామ్ రుద్దుకుంటూ చాలాసేపు ఊరుకుని
వలీ గారు అడిగారు:
"ఒరే, ఆ సినిమా నువ్వు ముందే చూశావా?"
"నాలుగుసార్లండీ."
"ఆఖర్న ఏమవుద్ది?"

లేచాడు. లుంగీ ఎగ్గట్టాడు.
ఊచల వెనక ఆ ఐదడుగుల జాగాలో
చొక్కా లేని పోలీసూ తనే, నలభై మందీ తనే,
వాన కూడా నోటితో తనే కురిపించాడు.
ముందు పడ్డాడు, తర్వాత తన్నాడు.
"రెండో పోలీసు పోయాడనే అనుకుంటామండీ, కానీ..."
ఆగాడు.
వలీ గారి వేలు బామ్ డబ్బాలోనే ఉండిపోయింది.
కోటిగాడు నా వంక చూశాడు,
బల్ల మీది ఖాళీ గ్లాసు వంక చూశాడు.

మూడు టీలకి చిల్లర వెతుక్కుంటూ లేచాను.