పదిహేడో నంబరు

కంపెనీ వాళ్ల పటంలో దాని పేరు బంగారు పచ్చిక.
నలభై రెండు ఇళ్లు, రెండు వంపుల రోడ్డు,
ఇంటికో కారు నిలిపే చోటు.

అంతకుముందు వేల్స్ భాషలో దాన్ని కై గ్వెర్న్ అనేవారు,
అంటే, కాళ్లు తడుపుకుంటూ బతికే ఆల్డర్ చెట్ల చేను.
చెట్లు పోయి వందేళ్లయింది.
పేరు మాత్రం గట్టు మీద విడిచిన చెప్పుల్లా
అక్కడే ఉండిపోయింది.

నేను కౌంటీ ఆఫీసులో వాననీటి అనుమతులు చూసేదాన్ని.
నా బల్ల మీదికి వాన ఎప్పుడూ అంకెలై వస్తుంది:
వందేళ్లకొకసారి పడే వాన,
రాబోయే కాలానికని దాని మీద నలభై శాతం కొసరు,
సెకనుకు ఆరు లీటర్లు మించి వాగులోకి వదలరాదు.
కొసరు అడిగేది సంతలో మనుషులే అనుకునేదాన్ని.
ఇప్పుడు ఆకాశం అడుగుతోంది.

ఫిబ్రవరిలో గొయ్యి తవ్వించాం.
నీళ్లు పోసి, ఎంతసేపటికి ఇంకుతాయో చూడాలి.
కంపెనీ ఇంజనీరు ఎమ్రిస్ చేతిలో స్టాప్‌వాచీ.
కుర్రాడు. బూట్లు కొత్తవి.
గంట. రెండు గంటలు.
మందు మింగని పిల్లలా బంకమట్టి
బుగ్గలు బిగించి కూర్చుంది.

మూడో గంటలో ఎమ్రిస్ అన్నాడు:
"ఇదేమిటి, పెరుగుతున్నాయి?"

వాన లేదు. మేం మళ్లీ పోయలేదు.
గోతి గోడలో, మోచేతి లోతున,
మా యంత్రం పన్ను తగిలి పగిలిన ఎర్రమట్టి గొట్టం
సన్నగా, తొందర లేకుండా మాట్లాడుతోంది.

కంచె అవతల గొర్రెలకు మేత వేస్తున్న టెగ్వెన్
వచ్చి తొంగి చూసి "ఇంకా పారుతోందా!" అంది,
పాత పాలేరు బతికే ఉన్నాడని తెలిసినట్టు.
ఆమె ముత్తాత వేసినవి.
మూరకొక గొట్టం, మోకాళ్ల మీద పాకుతూ.
కొండ మీది ఊట ఎనిమిది పొలాల కింద నడిచి
వాగు చేరే దారి.
ఏ పటంలోనూ లేదు.
పటం గీసిన వాళ్లెవరూ మోకాళ్ల మీద రాలేదు.

ఆ రాత్రి లెక్క మళ్లీ చూశాను.
స్థలం మీద పడే ప్రతి చినుకూ ఉంది,
కప్పులవి, తారువి, పెరటి బండలవి.
పైనుంచి నడిచొచ్చే నీరు లేదు.
పిలవని చుట్టంలా అది
పదిహేడో నంబరు వంటగదిలోకి నేరుగా వస్తుంది.
ముందు కుక్క మొరుగుతుంది.
తర్వాత ఫ్రిజ్ తేలుతుంది.
అక్కడితో ఆగదు. దిగువన పాత రైల్వే వీధి ఉంది.
మన వాకిలి కడిగి
పక్కవాళ్ల గడప మీద చిమ్మడం
ఏ భాషలోనైనా తప్పే.

"ఒక్క గొట్టం కోసం ఇల్లు వదులుకోమంటారా?"
కంపెనీ తరఫు మనిషి ధర చెప్పాడు.
నిజంగానే పెద్ద ధర.
పైగా, ఆ ఇల్లు ఎవరికో అవసరం:
ఆరేళ్లుగా జాబితాలో నిలబడ్డ నర్సు ఒకామె,
ఆమె ఫైలు మా పక్క గదిలోనే ఉంది.
వెంటనే నాకు జవాబు తోచలేదు.
కిటికీకి వాన తగులుతోంది, ఎవరి పక్షమూ కాకుండా.

నీరు పల్లమెరుగు గానీ పట్టా ఎరగదు.
ఇదే రాశాను చివరికి,
ఆఫీసు భాషలో, నాలుగు పేజీలు.

ఇప్పుడు అక్కడ పదహారు తర్వాత పద్దెనిమిది.
మధ్యలో గడ్డి ఒడ్ల గుంట.
ఎండ కాస్తే పిల్లలు బంతి ఆడతారు.
వాన కొడితే నీళ్లు ఒకటిన్నర రోజు బస చేసి
రేషన్ క్యూలో జనంలా, ఆరేసి లీటర్లు, వాగుకు వెళ్తాయి.
ముత్తాత గొట్టం మూతిని ఎమ్రిస్
రాళ్లు పేర్చి బయటికి కనపడేలా వదిలాడు.
అతని బూట్లు పాతబడ్డాయి.
నర్సుకు వేరే ఊళ్లో ఇల్లు దొరికిందట,
బస్సులు తక్కువట.

మొన్న కొత్త పోస్ట్‌మ్యాన్ నన్ను ఆపి అడిగాడు,
పదిహేడో నంబరు ఎక్కడని.
చూపించాను.
"ఎవరూ లేరే?"
"వాన పడితే వస్తారు," అన్నాను.