కిటికీ మూసే వేళకి

నౌపడా నుంచి బండి ఇప్పుడు
టెక్కలిలో టీ చల్లారకముందే కదిలిపోతుంది.
చిన్నబండి రోజుల్లో
దిగి, జీడిపళ్లు కోసుకుని,
పరిగెత్తి మళ్లీ ఎక్కేవాళ్లం.
టెంబూరు దాటాక పట్టాల మీద ఎద్దు పడుకుంటే
డ్రైవరు దిగి దాన్ని బతిమాలేవాడు.

ఆ ఎద్దు వల్లే నాకు చదువు లేదని
ఇరవయ్యెనిమిదేళ్లుగా చెప్పుకుంటున్నాను.
ఒంటిగంటకి మూసే కిటికీ దగ్గరికి
ఒంటిగంటా పదికి చేరాను.
చేతిలో దరఖాస్తు,
చెమటకి సిరా పాకి
కాళింది అనే నా పేరులో
'ళ' ఒక మరక.

ఈసారి పనేమీ లేదు. అందుకే వచ్చాను.
పాతపట్నం వెనక్కి పోయింది.
ఏరొచ్చింది, మహేంద్రతనయ,
కార్తీకానికి మోకాటిలోతు.
ఇటు గట్టున బట్టలుతికే ఆవిడ
తెలుగులో సబ్బడిగింది.
అటు నుంచి సబ్బు ఒరియాలో వచ్చింది.

పర్లాకిమిడి.
బోర్డు మీద ఒరియా అక్షరాలు గొడుగులేసుకున్నాయి.
దుకాణాల మీద తెలుగు అక్షరాలు
ఉత్త తలకట్లతో ఎండలో నిలబడ్డాయి.

కాలేజీలో ఆ కిటికీ ఇంకా ఉంది.
లోపలి అబ్బాయి తలెత్తకుండా
"అడ్మిషనా?" అన్నాడు.
"కాదు బాబూ, చూడ్డానికి."
"ఏటి చూడ్డానికి?"
నిజమే. ఏటి?
మోచేతులు ఆన్చే చెక్క మీద
ఏళ్లకేళ్లు అరిగి చిన్న గుంట.
నా మోచెయ్యి పెట్టి చూశాను.
ఎవరిదైనా సరిపోయేట్టుంది.

కోట గోడ పక్క సందులో కాలిన జుట్టు వాసన.
దాశరథి మహారణా కొమ్ముకి సెగ చూపిస్తున్నాడు.
"ఎముక మొండిదమ్మా, విరుగుతాది గానీ వినదు.
కొమ్ము వింటాది.
సమయం చూసి వంచాల,
చల్లారిపోనాక నువ్వెంత, నేనెంత?"
అతని పీట మీద
మీసాలతో సహా ఒక రొయ్య,
ఒంటికాలి కొంగ.
నేను దువ్వెన కొన్నాను.
బేరమాడలేదు,
ఆ చివరి మాటకి బేరం పోయింది.

ఆదివారం గండాహతి.
లాడ్జి మెట్ల మీద పరిచయమైన పిల్ల
ఎస్తేరు గమాంగ్, బోటనీ రెండో ఏడు,
"బస్సులో సీటుంది, రా అక్కా" అంది.
దారిలో ప్రతి మొక్కకీ మూడు పేర్లు చెప్పింది:
పుస్తకంలోది, ఒరియాది,
నా నాలుక తిరగని సవరది.
"పరీక్షలో ఏది రాస్తావు?"
"మార్కులొచ్చేది."
"జొరమొస్తే?"
"మా అవ్వ పిలిచేది."
నవ్వుతూ నాకంటే పది రాళ్లు ముందు నడిచింది.
నా చెప్పు తెగింది. చేత్తో పట్టుకున్నాను.

జలపాతం కింద
నలభయ్యైదేళ్ల ఒళ్లు కెవ్వుమంది.
ఆ హోరులో,
ఎవరికీ వినపడదని ధైర్యం చేసి
గట్టిగా అనేశాను:
గడువు ఇంకో వారం పెంచారు,
మర్నాడే తెలిసింది నాకు,
నేనే మళ్లీ బండెక్కలేదు!

"ఏటక్కా?" అంది ఎస్తేరు.
"నీళ్లు చల్లగా ఉన్నాయంటున్నా."

తిరుగు బండిలో తడిజుట్టు దువ్వుకున్నాను.
దువ్వెన చేతివేడికి
కొంచెం మెత్తబడ్డట్టే అనిపించింది,
నిజంగా మెత్తబడదని తెలుసు.
టెంబూరు దగ్గర బండి ఊరికే ఆగింది.
తలుపు దాకా వెళ్లి తొంగిచూశాను.

సిగ్నలట.