ఉక్కుకి ఎదురు

మూడు రాత్రులుగా ఓడిపోతున్నారు.
వైయాలాలో, మా ఇంటి ముందుగదిలో,
మా ఇందుజ, పక్కింటి కోరీ,
ఒక్క తెర మీద నాలుగు కళ్ళు పెట్టి.

ఏడో కోట వాకిట్లో కవచవరాహం.
ఒళ్ళంతా ఉక్కు రేకులు, ముట్టె మీద మరలు.
ఆకుతో కొడితే గీత పడదు.
మంచుతో కొడితే ముట్టె తుడుచుకుంటుంది.
విషం పోస్తే మజ్జిగలా తాగేసి
ఒక్క పొడుపు.
వీళ్ళ నీటిపిల్లి సొమ్మసిల్లి ఉండ చుట్టుకుపోతుంది.

ఫ్రిజ్ మీద అయస్కాంతాల కింద ఓ పట్టిక,
ఎవరికెవరు ఎదురో, ఎవరికెవరు లోకువో.
పాలకోసం తలుపు తీసినప్పుడల్లా
నిప్పు ఆకుని కాలుస్తుంది, ఆకు నీటిని తాగుతుంది,
ఉక్కు వరసకొచ్చేసరికి అన్నీ సగాలే, సున్నాలే.

"అమ్మా, నువ్వు ఉక్కు మనిషివి కదా,
అది దేనికి భయపడుతుందో చెప్పు."

నిజమే. పొద్దున్న ఆరింటికి గేటు దాటి
ఉక్కు ముక్కల్ని లాగి, వంచి,
విరిగేదాకా ప్రశ్నలడగడం నా ఉద్యోగం.
పుట్టిందీ ఉక్కునగరంలోనే.
నేనెరిగిన రెండు సముద్రాలకీ పొగగొట్టాలే గట్టు.

"నిప్పు" అన్నాను.
"మా దగ్గర లేదు. మొదటి ఊళ్ళో నీటిపిల్లిని ఎంచుకున్నాం."
"పోనీ నీళ్ళే. తుప్పు పట్టదూ?
కోరీ వాళ్ళ పడవబండి చక్రాలు చూడు."
ఆటలో తుప్పు లేదట.
మరి నీళ్ళు ఉక్కుని ఎందుకు గెలవవని కోరీ నన్నే అడిగాడు.
నేను నీళ్ళు నమిలాను.

చలికాలం పాయింట్ లోలీ రాళ్ళ దగ్గరికొచ్చే
కటిల్ ఫిష్ మన జట్టులో ఉంటేనా, అన్నాడు వాడే,
క్షణానికో రంగు, ఏ గడిలోనూ దొరకదు.

చెబుదామనుకున్నాను:
ఉక్కు పెద్ద దెబ్బకి విరగదురా.
చిన్న చిన్న బరువులు, ఒకేచోట, లక్షసార్లు
మోసి మోసి, ఊగి ఊగి,
లోపలెక్కడో వెంట్రుకంత పగులు.
మా పుస్తకాల్లో దాని పేరు అలసట.
వేరే మాట దొరక్క మనుషుల మాటే లోహానికీ వాడతాం.
ఈ నెల వాళ్ళ నాన్న షిఫ్టులు సగమయ్యాయి.
ఆ మాట వాడి ముందు వాడలేదు.

నాలుగో రాత్రి ఇందుజ సంచీ అడుగున వెతికింది.
మన్నుబుడత.
ఎప్పుడో గుంటలో దొరికితే, ముద్దగా ఉందని
ఇంతవరకూ బయటికే తియ్యలేదు.
స్థాయి పదకొండు. చేతులింకా సరిగ్గా మొలవలేదు.
పట్టిక మీద వేలు పెట్టి చూసింది: మన్ను, ఉక్కు, రెట్టింపు.
"మరి ఉక్కు పుట్టిందే మన్నులోంచి," అన్నాను,
"బిడ్డకి ఎక్కడ మెత్తనో తల్లికి తెలీదా?"
ఇందుజ నావైపు అదోలా చూసింది.

పెద్ద పాముకి చిన్న కర్ర.
కళ్ళలో దుమ్ము చల్లడం, వెనక్కి దూకడం,
నీటిపిల్లి అడ్డొచ్చి దెబ్బ కాచడం, మళ్ళీ దుమ్ము.
మందుసీసాలన్నీ ఖాళీ.
వరాహం గురి తప్పి గోడని పొడిచింది, రెండుసార్లు.
నా జీతం కాగితం వెనక కోరీ లెక్క రాస్తున్నాడు.
నలభై నిమిషాలు.
అన్నం చల్లారిపోయింది. నేనూ నేల మీద కూర్చుండిపోయాను.

ఆఖరి దెబ్బకి పెద్ద చప్పుడేమీ రాలేదు.
మోకాళ్ళ మీదికి దిగింది, అంతే.
పిల్లలు ఎగిరి గంతేస్తే
సోఫా దిండులోంచి ఎర్రధూళి లేచింది.
ఈ ఊళ్ళో ఎంత దులిపినా పోదు,
తెల్లదుప్పటి ఆరేస్తే జేగురు దుప్పటి మడత పెట్టుకోవాలి.

కాసేపాగి కోరీ అడిగాడు,
"అదిప్పుడు ఎక్కడికి పోతుంది?"
"ఎక్కడికీ పోదు. మళ్ళీ ఆడితే మళ్ళీ వాకిట్లోనే ఉంటుంది."
"అయితే ఉద్యోగం పోదన్నమాట,"
అని చెప్పులేసుకుని కంచె దాటాడు.

అన్నం వేడిచేస్తుంటే గుర్తొచ్చింది,
ల్యాబులో యంత్రం ఆపకుండానే వచ్చాను.
చూపుడువేలంత ముక్క, చీకట్లో ఒక్కటీ ఊగుతూ,
సాయంత్రానికి ఆరు లక్షల నలభైవేలు.
ఇంకా విరగలేదు.